మన చావుల లెక్క మనమే రాయాలి

(మండల స్థాయి దళిత కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి భూమి గురించి మాట్లాడుకున్నాం. శ్మశానం దారి గురించి, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు రోగం గురించి మాట్లాడమని మాకు అప్పజెప్పారు. రోగం సంగతి డాక్టర్లు కదా చెప్పాలి, బడిపంతుళ్లకేం తెలుసు అని ఎవరికైనా అనిపించవచ్చు. నిజమే, మందుల సంగతి మాకు తెలియదు. మేము లెక్కలు చెప్పేవాళ్లం. సంతకం రాని అమ్మానాయనలకు పుట్టి, వాడలో మొదటిసారి డిగ్రీ కాయితం చేతబట్టినవాళ్లం. సర్కారు అచ్చువేసే కాయితాలు చదివి, అందులో మనకు సంబంధించిన ముక్క ఏముందో వాడకు తెచ్చి చెప్పడం మా బాధ్యత. ఆ పని కోసమే మీ ముందు నిలబడ్డాం.

రోగానికి కులం ఉందా?

రోగానికి కులం లేదు, దోమ కులం అడిగి కుట్టదు అని ఊళ్లో పెద్దమనుషులు అంటుంటారు. వినడానికి సొంపుగానే ఉంటుంది. దోమ కులం అడగదు, ఒప్పుకుందాం. మరి ఊరి మురుగంతా పారి పారి ఎవరి ఇళ్ల పక్కన ఆగుతోంది? మంచినీళ్ల పైపు ఎవరి వీధి దాకా వచ్చి ఆగిపోతోంది? అది దోమ చేసిన నిర్ణయం కాదు. ఊరు చేసిన నిర్ణయం.

ఇది మన కడుపుమంటతో అంటున్న మాట కాదు. లెక్కలు చూడండి.

2010-11లో కేంద్ర ప్రభుత్వం ఉత్తరాదిన, తూర్పున 9 రాష్ట్రాల్లో పెద్ద ఆరోగ్య సర్వే చేసింది. ఆ సర్వేను పట్టుకుని పరిశోధకులు 2022లో ఒక లెక్క తేల్చారు. అగ్రకుల హిందువులతో పోలిస్తే దళితుల ఆయుర్దాయం 3 ఏళ్లకు పైగా తక్కువ. ఆదివాసులది 4 ఏళ్లకు పైగా తక్కువ. ముస్లింలది సుమారు ఏడాది తక్కువ. పేదరికం వల్లనే కదా అంటారు. వాళ్లు ఆ లెక్కా కట్టారు. ఆస్తిపాస్తుల తేడా ఈ లోటులో సగానికన్నా తక్కువే వివరించగలిగింది. మిగతాది ఎక్కడిది? డబ్బు లేకపోవడం ఒక్కటే మనల్ని చంపడం లేదని ఆ అంకె చెబుతోంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పుట్టిన ప్రతి 1,000 మందిలో అయిదేళ్లు నిండకుండా పోయిన బిడ్డలు షెడ్యూల్డు కులాల్లో 56 మంది, షెడ్యూల్డు తెగల్లో 57 మంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ కాని ఇతరుల్లో 39 మంది. వెయ్యికి 17 మంది తేడా. ఆ 17 మంది బిడ్డలు ఏ అలవాటుకు బానిసలై పోయారు?

ఇంకొక అంకె ఉంది. ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం 2018 నివేదికలో అచ్చయింది. మన దేశంలో దళిత స్త్రీలు చనిపోయే సగటు వయసు 39.5 ఏళ్లు, అగ్రకుల స్త్రీలది 54.1 ఏళ్లు అని. ఈ అంకె మన సభల్లో చాలా చోట్ల చెబుతున్నారు. చెప్పాల్సిందే. కానీ పంతుళ్లం కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాం. ఇది చనిపోయినవాళ్ల సగటు వయసు. ఆయుర్దాయం వేరు. పిల్లలు ఎక్కువగా ఉన్న కులంలో, పిల్లల చావులు ఎక్కువగా ఉన్న కులంలో ఈ సగటు ఇంకా కిందికి దిగుతుంది. "దళిత స్త్రీ ఆయుర్దాయం 39 ఏళ్లే" అని మైకులో అంటే, ఎదుటివాడు ఆ ఒక్క ముక్క పట్టుకుని మొత్తం మాటనే కొట్టేస్తాడు. మన కోపం నిజమైనది. మన అంకె కూడా అంత నికరంగా ఉండాలి.

పొగాకు ఎవరి నోట్లో ఉంది?

ఇప్పుడు పొగాకు సంగతికి వద్దాం. 2016-17లో ప్రపంచ స్థాయి పద్ధతిలో మన దేశంలో పొగాకు సర్వే జరిగింది. 15 ఏళ్లు దాటినవాళ్లలో వందకు 29 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. మగాళ్లలో 42, ఆడోళ్లలో 14. అంతా కలిపి 26 కోట్ల 70 లక్షల మంది. అంతకుముందు 2009-10 సర్వేలో వందకు 35 మంది ఉండేవాళ్లు. అంటే తగ్గుతోంది. తర్వాత జరిగిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మగాళ్లు వందకు 38, ఆడోళ్లు వందకు 9 మంది.

తగ్గుతోంది, సంతోషమే. ఎవరిలో తగ్గింది, ఎవరిలో ఆగిపోయింది అన్నది మన ప్రశ్న. సర్వేలన్నీ ఒకటే చెబుతున్నాయి. చదువు పెరిగే కొద్దీ పొగాకు తగ్గుతోంది. ఆస్తి పెరిగే కొద్దీ తగ్గుతోంది. ఎస్టీ, ఎస్సీల్లో వాడకం మిగతావాళ్లకన్నా ఎక్కువ. సిగరెట్టు టౌనువాడి నోట్లో ఉంటే, బీడీ, చుట్ట, ఖైనీ, పొగాకు కాడ మన నోట్లో ఉన్నాయి.

ఈ అంకెలు చూసి ఆఫీసరుగారు ఏమంటారు? "మీ అలవాట్లే మీ రోగాలు" అంటారు. ఈ మాటను మనం ఒప్పుకోకూడదు. పొద్దున అయిదింటికి గంజి తాగి పొలానికి పోయిన కూలికి మధ్యాహ్నం రెండింటిదాకా ముద్ద లేదు. పొగాకులో ఉండే నికోటిన్ ఆకలిని అణుస్తుంది. అది డాక్టర్లు చెప్పే మాట. కూటి బదులు బీడీ అన్నమాట. నిలబడి నడుం చాపుకుంటే మేస్త్రి అరుస్తాడు, బీడీ ముట్టించుకుంటే రెండు నిమిషాలు ఊరుకుంటాడు. ఆ రెండు నిమిషాల విశ్రాంతి కోసం అలవాటైనవాళ్లు మన వాడల్లో ఎంతమంది లేరు?

అలాగని బీడీని మనం వెనకేసుకు రాకూడదు. "మా తాత చుట్ట తాగే తొంభై ఏళ్లు బతికాడు" అనే మాట ప్రతి వాడలో వినబడుతుంది. తొంభై ఏళ్లు బతికిన తాత అరుగు మీద కనబడతాడు. యాభైకి పోయిన అతని అన్నదమ్ములు కనబడరు కదా. 2008లో దేశవ్యాప్తంగా చేసిన ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. బీడీ తాగే మగాళ్లు సగటున 6 ఏళ్లు, బీడీ తాగే ఆడోళ్లు 8 ఏళ్లు ఆయుష్షు పోగొట్టుకుంటున్నారని తేల్చింది. సిగరెట్టు తాగే మగాళ్లు 10 ఏళ్లు. రోజుకు నాలుగే కదా అంటారు. రోజుకు ఏడు బీడీలలోపు తాగినవాళ్లకు కూడా చావు ముప్పు పావు వంతు పెరిగిందని అదే అధ్యయనం చెప్పింది.

మన ఉత్తరాంధ్ర తల్లుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాన పేద ఆడోళ్లు చుట్టను తిప్పి, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. గాలికి నిప్పు ఆరదు, చంటిబిడ్డ మీద బూడిద రాలదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. పని చేసే తల్లి తన పనికి వీలుగా అలవాటు చేసుకున్న పద్ధతి అది. ఆ వేడికి అంగిలి కాలి కాలి పుండవుతుంది, కొందరిలో అది క్యాన్సరు అవుతుంది. 1971లో అచ్చయిన అధ్యయనంలో 10,169 మంది గ్రామస్తులను ఇల్లిల్లూ తిరిగి చూస్తే వందకు 44 మంది అడ్డపొగ తాగేవాళ్లే. ప్రపంచ వైద్య పుస్తకాల్లో మన తల్లుల అంగిళ్ల ఫొటోలు ఎక్కాయి. వాళ్ల ఊళ్లకు పంటి డాక్టరు ఎక్కలేదు.

అదే శ్రీకాకుళంలో ఇంకొకటి కూడా జరిగింది, అది ఆశ కలిగించేది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ల దగ్గరికి పరిశోధకులు ఏళ్ల తరబడి పోయి, నోరు చూసి, కూర్చోబెట్టి మాట్లాడారు. సినిమాలు చూపించారు. మానినవాళ్లు పెరిగారు, నోటిలో తెల్లమచ్చలు తగ్గాయి. 1986లో ఆ ఫలితం అచ్చయింది. అంటే "వీళ్లు చెప్పినా వినరు" అనేది అబద్ధం. మనిషిగా చూసి, పక్కన కూర్చుని చెబితే మనోళ్లు వింటారు.

ఆకు ఎవరిది, దగ్గు ఎవరిది?

పొగాకు మన నోట్లోనే కాదు, మన చేతుల్లో కూడా ఉంది. ప్రకాశం, నెల్లూరు, పశ్చిమ గోదావరి పొలాల్లో ఆకు విరిచేది ఎవరు? మంచుకు తడిసిన పచ్చాకు మోసేది ఎవరు? కర్రలకు ఆకు కట్టేది, రాత్రిళ్లు మేలుకుని బ్యారన్ మంట చూసేది, కంపెనీ షెడ్డుల్లో దుమ్ములో కూర్చుని గ్రేడింగు చేసేది ఎవరు? తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. ఎండ దెబ్బ అనుకుని నీళ్లు చల్లుకుని మళ్లీ సాల్లోకి దిగుతారు. జీవితంలో ఒక్క బీడీ ముట్టని ఆడకూలికి కూడా పొగాకు విషం ఎక్కుతోంది. ఆమెను ఏ పొగాకు సర్వేలో లెక్కవేస్తారు?

తెలంగాణలో నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు చూడండి. అడవిలో తునికాకు కోసేది ఆదివాసి. ఇంట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీ చుట్టేది దళిత, బహుజన, ముస్లిం ఆడోళ్లు. ఆ తంబాకు దుమ్ము అన్నం గిన్నెలో పడుతుంది, పక్కన పడుకున్న బిడ్డ ముక్కులోకి పోతుంది. కేంద్ర కార్మిక శాఖ లెక్కలో దేశంలో బీడీ కార్మికులు సుమారు 50 లక్షలు. వాళ్ల ఆసుపత్రులు, పిల్లల స్కాలర్‌షిప్పులు బీడీల మీద వేసిన సెస్సుతో నడిచేవి. 2017లో జీఎస్టీ రాగానే ఆ సెస్సు ఎత్తేశారు.

సర్కారు రెండు చేతులూ చూడండి. ఒక చేత్తో ఆరోగ్య శాఖ పాకెట్టు మీద పుండు బొమ్మ వేయిస్తుంది. 2016 నుంచి పాకెట్టులో 85 శాతం బొమ్మే ఉండాలని నిబంధన. ఇంకో చేత్తో వాణిజ్య శాఖ కింద 1976 నుంచి గుంటూరులో పొగాకు బోర్డు నడుస్తోంది. పంట ధర పడితే సర్కారు కదులుతుంది. 2025లో బర్లీ పొగాకు ధర కూలిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. రైతును ఆదుకోవడం తప్పని మేము అనడం లేదు, కౌలుకు చేసేవాళ్లలో మనోళ్లూ ఉన్నారు. మేము అడిగేది ఒకటే. ఆకు ధరకు బోర్డు ఉంది, ఆకు విరిచే చేతికి ఏ బోర్డు ఉంది? ఇక ఆ పుండు బొమ్మ సంగతి. విడిగా రెండు బీడీలు కొనుక్కునేవాడికి, కాడ తుంచి కొనుక్కునే ముసలమ్మకు ఆ బొమ్మ ఎప్పుడూ కనబడదు.

అందుకని పొగాకు మానండి అని వాడలో చెప్పేటప్పుడు జాగ్రత్తగా చెప్పాలి. బీడీ చుట్టే అక్క కూడు పోకుండా, ఆమెకు వేరే పని, పింఛను, వైద్యం చూపించకుండా బీడీ మూసేస్తామంటే అది మనకు మంచి చేసేది కాదు. తాగేవాడి ఊపిరి, చుట్టే ఆమె కూలి రెండూ మనవే. ఒకదాని కోసం ఇంకొకదాన్ని బలిపెట్టకూడదు.

క్షయ, కూడు, గడప

మన వాడల్లో ఎక్కువ భయపెట్టే పేరు క్షయ. పొగకూ క్షయకూ ఉన్న లంకె చాలామందికి తెలియదు. తమిళనాడులో మగవాళ్ల చావులను పరిశీలించి 2003లో ఒక అధ్యయనం వెలువరించారు. పొగ తాగేవాళ్లు క్షయతో చనిపోవడం తాగనివాళ్లకన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. క్షయతో పోయిన మగాళ్లలో సగం చావులకు పొగే కారణం. ఇరుకు గది, వంటపొగ, అర్ధాకలి, దాని మీద బీడీ. ఇన్ని కలిస్తే క్రిమికి పని తేలిక.

2019-21లో జరిగిన జాతీయ క్షయ సర్వేలో 15 ఏళ్లు దాటిన లక్ష మందిలో 316 మందికి క్షయ ఉందని తేలింది. అంతకన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటుంది. దగ్గు, జ్వరం లాంటి లక్షణాలు ఉన్నవాళ్లలో వందకు 64 మంది ఏ వైద్యం కోసమూ పోలేదు. ఎందుకు పోలేదు? ఒకరోజు కూలి పోతుంది. పీహెచ్‌సీకి పోతే ఈరోజు కాదు రేపు రమ్మంటారు. జబ్బు పేరు బయటపడితే పనిలోకి పిలవరు.

ఇంకొక కారణం మనకు తెలుసు, సర్వే కాయితంలో దానికి గడి లేదు. 2011-12 నాటి జాతీయ మానవాభివృద్ధి సర్వేలో, వందకు 27 కుటుంబాలు మేము అంటరానితనం పాటిస్తామని తమ నోటితోనే ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నవాళ్లే ఇంతమంది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు కూడా ఆ ఇళ్లలోంచే కదా వచ్చేది? చెయ్యి పట్టకుండా దూరం నుంచి మందు చీటీ విసిరిన చోటికి రెండోసారి పోవడానికి మనిషికి మనసొప్పదు. దాన్ని "దళితులకు ఆరోగ్య స్పృహ లేదు" అని రాసుకుంటారు.

కూడు ఎంత పెద్ద మందో కూడా చెబుతాం. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా ఒక ప్రయోగం జరిగింది. క్షయ రోగి ఇంట్లో మిగతావాళ్లకు తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ బిళ్లలు ఇచ్చారు. అంతే. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. కిలోన్నర పప్పు, అన్నలారా! దేశంలో ఏ ఇంజక్షనుకు అంత బలం ఉంది? సర్కారు రోగికి పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 ఇస్తూ, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు చేసింది. ఆ డబ్బు ఖాతాలో పడిందా లేదా అని అడిగేవాళ్లు ప్రతి వాడలో ఉండాలి.

క్యాన్సరు సంగతీ అంతే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఆపరేషనుకు డబ్బులు వచ్చాయి. మంచిదే. కానీ పుండు ముదిరాక కోయడానికి డబ్బుంది, మచ్చగా ఉన్నప్పుడు నోరు తెరిపించి చూడడానికి మనిషి లేడు. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్లవాళ్లలో నోటి క్యాన్సరు పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నది ఆడోళ్లలో వందకు ఒకరు కూడా లేరు. మగాళ్లలో వందకు ఒకరు. టార్చిలైటు వేసి నోట్లో చూడడానికి ఎంత ఖర్చు?

ఏం చేయాలి?

మొదటి పని: వాడకొక చావుల పుస్తకం. వంద పేజీల నోటుబుక్కు చాలు. గత అయిదేళ్లలో పోయినవాళ్ల వివరం ఇల్లిల్లూ తిరిగి రాయండి. పోయినప్పటి వయసు, ఆడ మగ, చేసిన పని, బీడీ చుట్ట ఖైనీ ఉన్నాయా, జబ్బు మొదలైనప్పుడు ముందు ఎవరి దగ్గరికి పోయారు, జబ్బు పేరు తెలిసేసరికి ఎన్నాళ్లు పట్టింది, ఎంత అప్పయింది. ఏడెనిమిది గడులు. పదో తరగతి చదివే మన పిల్లలు రాయగలరు. ఇష్టం లేని ఇంటిని బలవంతం చేయకండి. పేర్లు బయటపెట్టకండి, అంకెలే బయటపెట్టండి.

రెండో పని: కులం వారీ ఆరోగ్య లెక్కలు అడగడం. 2024లో తెలంగాణలో కుల సర్వే చేశారు. 2027 జనగణనలో కులం రాస్తామని కేంద్రం ప్రకటించింది. తలలు లెక్కపెడితే సరిపోదు. ఎవరు ఎన్నేళ్లకు పోతున్నారో, ఏ జబ్బుతో పోతున్నారో కూడా కులం వారీగా అచ్చు వేయాలి. లెక్కలో లేని రోగానికి బడ్జెట్టులో పైసా ఉండదు.

మూడో పని: పీహెచ్‌సీలో నిలబడడం. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు, నోరు పరీక్ష చేయాలని సర్కారు కార్యక్రమంలోనే ఉంది. ఆశా అక్క, ఏఎన్‌ఎం మన వాడకు ఏ రోజు వస్తారో అడిగి రాయించుకోండి. వాళ్లతో తగాదా వద్దు, వాళ్లూ చాలీచాలని డబ్బుకు పనిచేసేవాళ్లే. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్షకు తోడు తీసుకుపోండి. ఒక్కరుగా పోతే విసుక్కుంటారు, నలుగురుగా పోతే కుర్చీ వేస్తారు.

నాలుగో పని: మానాలనుకున్నవాళ్లకు చేయూత. మానే సాయానికి సర్కారు ఉచిత ఫోను నంబరు ఉంది, 1800-11-2356. రాసుకోండి. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. ఆ సంగతి మేము, మా తోటి పంతుళ్లు చూసుకుంటాం.

అయిదో పని మన సంఘానిదే. మన మీటింగుల్లో బీడీ కట్ట, గుట్కా పొట్లం చేతులు మారుతున్నాయి. రాత్రంతా గోడలకు రాతలు రాసే కుర్రాడికి టీ, బీడీ ఇచ్చి సరిపెడుతున్నాం. ఇకనుంచి రెండు ఇడ్లీలు పెడదాం. ఉద్యమానికి మనిషి కావాలి, మనిషికి ఊపిరి కావాలి.

సావిత్రీబాయి ఫూలే 1897లో పూనాలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ, అదే రోగం సోకి కన్నుమూసింది. ఆమె బడిపంతులమ్మ. మన మొదటి పంతులమ్మ పలకతో మొదలుపెట్టి రోగి మంచం దగ్గర ఆగింది. 1927లో అంబేద్కర్ మహద్ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి వేలమందితో నడిచాడు. నీళ్లు తాగే హక్కు అడిగినవాళ్ల బిడ్డలం, నిండా ఊపిరి పీల్చే హక్కు కూడా అడుగుదాం.

ఈ నెలలోనే ప్రతి వాడలో నోటుబుక్కు తెరవాలి. వచ్చే తరగతికి వచ్చేవాళ్లు చేతులూపుకుంటూ రాకండి, ఆ పుస్తకం పట్టుకుని రండి. అన్ని వాడల అంకెలు కూడిక వేసి బోర్డు మీద రాసే పని మాది. ఆ కాయితాన్ని కలెక్టరు బల్ల మీద పెట్టే పని మనందరిది.

జై భీమ్.